మోకాలి నొప్పి పాదంలోకి దిగింది: పలచటి బూట్లకు మారిన ఒక మాస్టారి కేసు

పేషెంట్ వయసు 44. గుంటూరులో హైస్కూలు లెక్కల మాస్టారు. బరువు 74 కిలోలు. షుగరు, బీపీ లేవు, సిగరెట్ అలవాటు లేదు. మూడేళ్లుగా పరుగెడుతున్నారు. వారానికి నాలుగు రోజులు, అన్నీ కలిపి 30 కిలోమీటర్లు. రెండు హాఫ్ మారథాన్లు పూర్తిచేశారు. ఫిబ్రవరి చివర్లో కుడి పాదం పైభాగాన నొప్పితో మా ఫిజియోథెరపీ క్లినిక్‌కు వచ్చారు. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాను.

కూర్చోగానే ఆయన షరతు పెట్టారు. "మేడమ్, ముందే చెప్తున్నా, ఆ లావు బూట్లు మళ్లీ వేసుకోమని మాత్రం అనకండి. వాటిని వదిలేశాకే నా మోకాలి నొప్పి పోయింది." ఈ మాటలో సగం నిజముంది. ఆ సగం నిజమే ఆయన పాదం మీదకు తెచ్చింది.

ముందు జరిగింది

ఏడాదిన్నర పాటు ఆయన్ని బాధపెట్టింది మోకాలు. కుడి మోకాటి చిప్ప చుట్టూ నొప్పి. ఎనిమిదో కిలోమీటరు దాటాక మొదలయ్యేది. మెట్లు దిగుతున్నా, సినిమా హాల్లో మూడు గంటలు కూర్చుని లేచినా పట్టేసేది. రన్నర్లలో చాలా తరచుగా కనిపించే నొప్పుల్లో ఇదొకటి. దానికి ఆయన చేసుకున్న వైద్యం బూట్లు మార్చడం. ఒకదాన్ని మించి ఒకటి మెత్తన, మడమ దగ్గర ఇంకాస్త ఎత్తు. చివరి జతలో మడమ వేళ్ల కంటే 12 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంది. నొప్పి మాత్రం తగ్గలేదు.

నవంబరులో భవానీ దీక్ష తీసుకున్నారు. దీక్ష ఉన్నన్నాళ్లూ చెప్పుల్లేవు, పరుగూ లేదు. విరమణకు గుంటూరు నుంచి బయల్దేరి మంగళగిరి, తాడేపల్లి మీదుగా ప్రకాశం బ్యారేజీ దాటి ఇంద్రకీలాద్రి దాకా నడిచారు. ముప్పై కిలోమీటర్ల పైమాటే. అరికాళ్లు బొబ్బలెక్కాయి గానీ మోకాలు కిక్కురుమనలేదు. లెక్కల మాస్టారు కదా, అక్కణ్ణుంచి ఒక సమీకరణం లాగారు: బూట్లుంటే నొప్పి ఉంది, బూట్లు లేకపోతే లేదు, కాబట్టి నొప్పికి కారణం బూట్లే. అన్ని రోజులూ మోకాలికి పరుగు నుంచి పూర్తి సెలవు దొరికిందన్న సంగతి ఆ సమీకరణంలోకి రాలేదు. తర్వాత నాలుగు యూట్యూబ్ వీడియోలు చూసేసరికి అనుమానం కాస్తా సిద్ధాంతమైంది.

జనవరి మొదట్లో పలచటి బూట్లు కొన్నారు. మడమకు ఎత్తు లేదు, సోల్ చుట్టేస్తే గుప్పిట్లో ఇమిడిపోతుంది. మొదటి వారం ఐదేసి కిలోమీటర్లు. సంక్రాంతి సెలవుల్లో టైముంది కాబట్టి రోజూ పరుగెత్తారు. నెలాఖరుకి మళ్లీ వారానికి 30 కిలోమీటర్లు. రెండో వారానికే మోకాలి నొప్పి తగ్గింది, పిక్కలు పట్టేశాయి. పిక్కలు బలపడుతున్నాయనుకున్నారు. నాలుగో వారం పాదం పైన సలపరం మొదలైంది. బూటు లేసు బిగుతనుకుని వదులు చేశారు. ఇంకో మూడు వారాలు బామ్ రాసుకుంటూ పరుగెత్తారు. చివరికి స్కూల్లో మెట్లెక్కుతుంటే కుంటడం పిల్లలు చూశారు.

పరీక్షలో కనిపించింది

రెండో వేలి వెనక, పాదం పైన, కొంచెం వాపు. వేలితో నొక్కుకుంటూ పోతే ఒకే ఒక్క చోట, రూపాయి బిళ్లంత మేర, ఉలిక్కిపడేంత నొప్పి. ఈ ఒక్క చోటు అన్నదే నాకు ముఖ్యం. ఎక్కడ నొప్పి అని అడిగినప్పుడు కండరం పట్టేసినవాళ్లు అరచెయ్యి మొత్తం ఆనించి చూపిస్తారు. ఎముక అలిసినవాళ్లు చాలామంది ఒక్క వేలు పెట్టి చూపిస్తారు. తొక్కుడుబిళ్ల ఆటలోలా ఒంటికాలి మీద గెంతమన్నాను. ఎడమకాలి మీద హాయిగా గెంతారు. కుడికాలి మీద రెండో గెంతుకే ఆపేశారు.

ఎక్స్‌రే అప్పటికే తీయించారు, అందులో ఏమీ లేదని చెప్పారట. ఈ రకం దెబ్బలో మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, కొన్నిసార్లు ఆ తర్వాత కూడా. ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి పంపాను, ఆయన ఎంఆర్ఐ రాశారు. రెండో మెటాటార్సల్, అంటే రెండో వేలి వెనక పాదంలో ఉండే పొడుగాటి ఎముక, నడిమి భాగంలో మజ్జలో వాపు కనిపించింది, పగులు గీత లేదు. అంటే ఎముక విరగలేదు, విరగడానికి ముందు మెట్టు మీద ఉంది. అది నడిమి భాగం కావడం అదృష్టం, అక్కడి దెబ్బ బరువు తగ్గిస్తే మామూలుగా మానుతుంది. ఇదే వాపు పాదం మధ్యలోని నావిక్యులర్ ఎముకలోనో, చిటికెన వేలి వైపు ఎముక మొదట్లోనో, తొడ ఎముక మెడ దగ్గరో ఉంటే నేను ఇంత తీరిగ్గా రాసేదాన్ని కాదు. వాటికి చాలాకాలం కాలు కింద పెట్టకుండా ఉండాల్సి రావొచ్చు, ఒక్కోసారి ఆపరేషన్ కూడా.

రక్తపరీక్షలో విటమిన్ డి 17 వచ్చింది. గుంటూరు ఎండల్లో ఉంటూ డి తక్కువేమిటని ఆయన ఆశ్చర్యపోయారు. తెల్లారకముందే పరుగు, పగలంతా క్లాసు రూము, సాయంత్రం ట్యూషన్లు. ఎండ ఊళ్లో ఉంది, ఆయన ఒంటి మీద లేదు. డాక్టరు మందు రాశారు.

ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం కుడివైపు 14 సార్లు, ఎడమవైపు 19 సార్లు చేయగలిగారు. పరుగెత్తే మనిషి 25 దాకా చేయాలని నేను చూస్తాను. అరికాలి చిన్న కండరాల సంగతి ఇంకా అన్యాయం. మిగతా వేళ్లు కదలకుండా బొటనవేలు ఒక్కదాన్నీ పైకెత్తమంటే ఐదూ కలిసి లేచాయి.

అసలు విషయం మొబైల్ స్లో మోషన్ వీడియోలో దొరికింది. గాయానికి ముందు గ్రౌండ్‌లో స్నేహితుడు తీసిన క్లిప్పులు ఆయన ఫోన్‌లో ఉన్నాయి, పాత బూట్లతో ఒకటి, కొత్తవాటితో రెండు. పాత బూట్లలో నిమిషానికి 158 అడుగులు. మోకాలు దాదాపు నిటారుగా చాచి, ఒంటికి బాగా ముందు, మడమ మీద దిగుతున్నారు. కొత్త బూట్లలో 160 అడుగులు. అంటే అంగ మారలేదు. పాదం అంతే ముందుకు పడుతోంది, కాకపోతే ఈసారి మునివేళ్ల మీద. మడమ నేలకు ఆనడమే లేదు. అడిగితే "మడమ తగలకూడదు కదా మేడమ్, వీడియోలో అలాగే చెప్పారు" అన్నారు.

పాదంలో ఏ భాగం ముందు నేలకు తగులుతుందన్నది ఆయన మార్చుకున్నారు. ఒంటికి ఎంత ముందు తగులుతుందన్నది మార్చుకోలేదు. ఈ రెంటిలో నేను ముందు చూసేది రెండోదే.

ఎముక ఎందుకు అలిసింది

పలచటి బూట్లు బరువును మాయం చేయవు, చోటు మారుస్తాయి. మడమ మీద దిగినప్పుడు ఎక్కువ పని మోకాలు చేస్తుంది. పాదం ముందుభాగం మీద దిగినప్పుడు ఆ పనిలో కొంత పిక్కలకు, మడమ వెనక నరంలా తగిలే అకిలిస్‌కు, పాదం ముందు ఎముకలకు చేరుతుంది. ఆయన మోకాలు తేలికపడింది నిజమే. ఆ బరువు కిందివాటి మీద పడింది.

ముప్పై కిలోమీటర్లు నడిచిన కాలు పరుగుకు ఎందుకు తట్టుకోలేదన్నది ఆయన ప్రశ్న. నడకలో ఎప్పుడూ ఒక పాదమైనా నేల మీద ఉంటుంది, ఒంటి బరువుకు కొద్దిగా మించి నేల తిరిగి తోస్తుంది. పరుగులో రెండు పాదాలూ గాల్లోకి లేచి ఒక్కటి దిగుతుంది, ఆ తోపు ఒంటి బరువుకు రెండు నుంచి మూడు రెట్లు. అకిలిస్ మీద లాగుడు ఆరేడు రెట్లు కూడా దాటొచ్చు. మిగతా లెక్క ఆయన చేతే వేయించాను. కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు, నిమిషానికి 160 అడుగులు అంటే కిలోమీటరుకు 1,040 అడుగులు, ఒక్కో పాదానికి 520. వారానికి 30 కిలోమీటర్లకు ఒక్కో పాదం 15,600 సార్లు దిగుతుంది. కాగితం మీద ఆ అంకె చూశాక కాసేపు మాట్లాడలేదు.

అన్ని ఎముకల్లో రెండోదే ఎందుకన్నదానికి దాని కట్టుబాటు చూడాలి. బొటనవేలి వెనక ఎముక లావు. రెండోది సన్నం, పొడుగు. పైగా దాని మొదలు చుట్టూ ఉన్న ఎముకల మధ్య బిగుసుకుని ఉంటుంది, పక్కవాటిలా కొంచెం కదిలి తప్పుకునే వీలు లేదు. పాదం ముందుభాగం నేలను తాకిన ప్రతిసారీ అది వంగుతుంది. ఆ వంపును ఆపేది అరికాలి కండరాలు. అవి అలిసిపోతే వంపంతా ఎముకే మోయాలి.

ఇక నాలుగో వారం సంగతి. ఎముక కొత్త బరువుకు తగ్గట్టు తనను తాను మార్చుకుంటుంది, కాకపోతే ముందు తవ్వి తర్వాత పూడుస్తుంది. పాత ఎముకను తినేసే కణాలు మొదట పనిలోకి దిగుతాయి, కొత్త ఎముక కట్టే కణాలు వెనకాల వస్తాయి. తవ్వకం అయి పూడిక పూర్తికాని ఆ మధ్యకాలంలో, మొదలైన కొన్ని వారాలకు, ఎముక మామూలుకంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఆయన 30 కిలోమీటర్లకు చేరారు. ఊపిరి రెండు వారాల్లో అలవాటుపడుతుంది, పిక్క ఆరేడు వారాల్లో. ఎముకకు నెలలు పడుతుంది. ఊపిరి ఆడుతోంది కదా అని దూరం పెంచితే వెనకబడిన ఎముక దెబ్బ తింటుంది. అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 2013లో అచ్చువేసిన పరిశోధన ఇదే చూపించింది. అనుభవమున్న 36 మంది రన్నర్లలో 19 మందికి ఐదు వేళ్లకూ విడివిడి అరలుండే పలచటి బూట్లిచ్చి, నెమ్మదిగా మారమని చెప్పి, పది వారాలు చూశారు. పదిమందికి పాదం ఎముకల మజ్జలో వాపు పెరిగింది. మామూలు బూట్లతో పరుగెత్తిన 17 మందిలో ఒక్కరికే పెరిగింది.

సహజమైన పరుగు గురించి ఆయనతో జరిగిన వాదన

మాస్టారి దగ్గర అబెబె బికిలా ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బూట్లు లేకుండా మారథాన్ గెలిచిన ఇథియోపియా రన్నర్, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. ఆయన మరిచిపోయింది 1964 టోక్యో. అక్కడ బికిలా బూట్లు వేసుకుని పరుగెత్తాడు, మళ్లీ గెలిచాడు, టైము మూడు నిమిషాలు తగ్గింది.

కెన్యాలో చెప్పుల్లేకుండా పెరిగినవాళ్లు పాదం ముందుభాగం మీద దిగుతారని, అలా దిగితే మడమ మీద దిగినప్పుడు వచ్చే మొదటి కుదుపు ఉండదని హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో నేచర్ పత్రికలో రాసింది. ఈ బూట్ల గాలి వీచడానికి అదొక పెద్ద కారణం. మూడేళ్ల తర్వాత ఉత్తర కెన్యాలోనే దాసనచ్ అనే తెగవాళ్ల మీద ఇంకో పరిశోధన వచ్చింది. వాళ్లూ చెప్పుల్లేకుండా బతికేవాళ్లే, కానీ నింపాదిగా పరుగెత్తేటప్పుడు ఎక్కువమంది మడమ మీదే దిగారు, వేగం పెరిగితే కొందరు మారారు. మొదటిదాని గురించి వీడియోలు కోకొల్లలు, రెండోదాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఐదు వేళ్ల బూట్లు అమ్మిన వైబ్రమ్ కంపెనీ తన ఆరోగ్య ప్రకటనల మీద పడ్డ కేసును 2014లో, తప్పు ఒప్పుకోకుండానే, 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది.

"అయితే సహజమైన పరుగు అంటే ఏది మేడమ్?" అని అడిగారు. నేను చూసేవి చెప్పాను. పాదం నేలను తాకే క్షణానికి మోకాలు కొంచెం వంగి ఉండాలి, మోకాలి కింది కాలు దాదాపు నిలువుగా ఉండాలి, చప్పుడు తక్కువ ఉండాలి. వంగితే చీలమండ దగ్గర్నుంచి ఒళ్లంతా కొద్దిగా ముందుకు వాలాలి, నడుం దగ్గర విరగకూడదు. ఇవి కుదిరితే మడమ ముందు తగిలినా, పాదం మొత్తం ఒకేసారి తగిలినా నాకు పట్టింపు లేదు. ఇందులో బూట్ల ప్రస్తావన లేదని ఆయనే గమనించారు.

చేసింది

మొదటి నాలుగు వారాలు పరుగు బంద్. సోల్ వంగని బూట్లతోనే నడక. చిక్కు ఇంట్లో వచ్చింది. మనం ఇంట్లో ఒట్టి కాళ్లతో తిరిగే మనుషులం, గచ్చు మీద ఒట్టి కాలితో నడిస్తే ఆ ఎముక వంగుతూనే ఉంటుంది. "ఇంట్లో చెప్పులతో తిరిగితే మా అమ్మ నన్ను అరుగు మీదే పడుకోబెడుతుంది" అన్నారు. ఇంటి కోసమే గట్టి సోల్ ఉన్న కొత్త జత కొనిపించాను. పూజగదికి, వంటింటికి మాత్రం అవి బయటే. వంటింట్లో తనకు పెద్దగా పనేమీ ఉండదన్నారు, అది ఇంట్లోవాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. మార్చిలో పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేషన్ డ్యూటీ పడింది, మూడు గంటలు నిలబడాలి. హెడ్మాస్టరుకు చెప్పి కుర్చీ వేయించుకున్నారు. దమ్ము తగ్గకుండా రోజు విడిచి రోజు సైకిల్.

కూర్చునే చేసే వ్యాయామాలు మొదటి రోజు నుంచే. బొటనవేలిని విడిగా ఎత్తడం, వేళ్లు ముడవకుండా అరికాలి వంపును దగ్గరకు లాగడం. రెండు వారాలకు బొటనవేలు మాట వినడం మొదలుపెట్టింది. నొక్కితే నొప్పి లేదన్నాక నిలబడి మడమలు ఎత్తడం, ముందు రెండు కాళ్ల మీద, తర్వాత ఒంటికాలి మీద, ఆపైన వీపున నోట్‌బుక్కులు నింపిన బ్యాగుతో. పరుగు మొదలుపెట్టడానికి నా షరతు రెండు ముక్కలు: అరగంట వేగంగా నడిచినా నొప్పి ఉండకూడదు, కుడికాలి మీద వరసగా పదిసార్లు గెంతగలగాలి. ఏడో వారానికి ఆ రెండూ కుదిరాయి.

పరుగు మళ్లీ మొదలైంది మామూలు బూట్లతో. పాతవీ కాదు, పలచటివీ కాదు, మడమ ఎత్తు 6 మిల్లీమీటర్లున్న కొత్త జత. ఆయన ముఖం చిట్లించారు. ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పదిసార్లు, రోజు విడిచి రోజు. అదే రోజున అంగ తగ్గించే పని కూడా. పాదాన్ని ఇలా పెట్టండి, అలా పెట్టండి అని నేను చెప్పను. అడుగుల లెక్క ఒక్కటే పెంచుతాను. అదే వేగంలో అడుగులు పెరిగితే అంగ దానంతటదే చిన్నదవుతుంది, పాదం ఒంటి కిందకు జరుగుతుంది. అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద పని తగ్గుతుందని 2011లో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్లు కొలిచి చూపించారు. 160 నుంచి 170 పెట్టుకున్నాం. అందరూ చెప్పే 180 ఎందుకు కాదని అడిగారు. ఆ అంకె 1984 ఒలింపిక్స్‌లో పరుగెత్తినవాళ్లను కోచ్ జాక్ డేనియల్స్ లెక్కపెట్టినప్పటిది. వాళ్లు పోటీ వేగంలో ఉన్నారు, మాస్టారు కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల్లో ఉన్నారు. తాళం వేసే మెట్రొనోమ్ యాప్ టిక్కు టిక్కుమంటే చిరాకన్నారు. దాని బదులు తకధిమి పట్టుకున్నారు, నాలుగు అక్షరాలకు నాలుగు అడుగులు. వారానికి ఒకసారి ఫోన్‌తో సరిచూస్తే సరిపోయింది.

నొప్పికి పెట్టిన నియమం రెండు రకాలు. పిక్కలో, అకిలిస్‌లో కొద్దిపాటి బిగువు ఉంటే పర్వాలేదు, మర్నాటి పొద్దుటికి పోవాలి. ఎముక మీద ఒక్క చోట వేలికి తగిలే నొప్పి వస్తే మాత్రం ఆ రోజే ఆపాలి.

పదకొండో వారంలో ఆగలేకపోయారు. విజయవాడ స్నేహితులతో ఆదివారం పొద్దున్నే బ్యారేజీ దగ్గర మొదలుపెట్టి ఉండవల్లి వైపు కరకట్ట మీద ఆరు కిలోమీటర్లు వెళ్లాల్సింది, కబుర్లలో పన్నెండు అయింది. మర్నాడు మంచం దిగితే అకిలిస్ కర్రలా ఉంది. పాదం ఎముక మాత్రం ఏమీ అనలేదు. ఒక వారం వెనక్కి వెళ్లాం, మడమలు ఎత్తే వ్యాయామం నెమ్మదిగా, ఎక్కువ బరువుతో చేయించాను. తగ్గింది.

పలచటి బూట్లు పదిహేనో వారంలో అటకమీద నుంచి దిగాయి. ముందు రెండు వారాలు వాటితో నడక. తర్వాత వారానికి రెండుసార్లు, మామూలు పరుగు అయ్యాక, మట్టి గ్రౌండ్‌లో ఐదు నిమిషాలు. రెండు వారాలకోసారి ఇంకో ఐదు నిమిషాలు. ఈ బూట్లను నేను డంబెల్స్ లెక్కన చూస్తాను, పాదాన్ని బలపరిచే సామాను. రోజంతా డంబెల్స్ మోసుకుంటూ ఎవరూ తిరగరు. రోడ్డు మీద ఒట్టి కాళ్లతో పరుగు మాత్రం వద్దన్నాను. గాజుపెంకులు, మేకులు ఒకెత్తు, మన వేసవిలో తారు రోడ్డు ఇంకో ఎత్తు. షుగర్ ఉండి అరికాలికి స్పర్శ తగ్గినవాళ్లయితే ఒట్టి కాళ్లూ వద్దు, ఈ బూట్లూ వద్దు. అందులో బేరం లేదు.

ఇప్పటి స్థితి

ఆగస్టులో హైదరాబాద్‌లో హాఫ్ పరుగెత్తాలని ఆయన పట్టు, పది కిలోమీటర్లు చాలని నా పట్టు. పదే పరుగెత్తారు. ఫ్లైఓవర్లు దిగేటప్పుడు మోకాలు కొద్దిగా గుర్తు చేసిందట, రెండు రోజుల్లో పోయింది. పాదం నొప్పి లేదు. ఇప్పుడు వారానికి 28 కిలోమీటర్లు, అందులో పలచటి బూట్లతో మూడు. అడుగులు 168, 170 మధ్య. ఒంటికాలి మడమ ఎత్తడం కుడి 24, ఎడమ 25.

మోకాలు బాగుపడింది అంగ తగ్గినందుకా, పిక్కలు బలపడినందుకా, దూరం నెమ్మదిగా పెరిగినందుకా అన్నది ఈ ఒక్క కేసుతో విడదీయలేం. మోకాటి చిప్ప నొప్పి ఉన్న రన్నర్ల మీద 2018లో కెనడాలో వచ్చిన పరిశోధనలో దూరం ఎలా పెంచుకోవాలో నేర్పడమే చాలావరకు సరిపోయింది, దానికి వ్యాయామాలో, పరుగు తీరు మార్చడమో కలిపినా నొప్పి అదనంగా తగ్గలేదు. నేను మూడూ కలిపే చేయిస్తున్నాను, ముఖ్యంగా ఇలా ఒక నొప్పి నుంచి ఇంకో నొప్పికి వచ్చినవాళ్లకు.

ఎంఆర్ఐ మళ్లీ తీయించలేదు. గెంతితే నొప్పి లేదు, నొక్కితే నొప్పి లేదు. స్కాన్‌లో ఇంకా కొంచెం వాపు కనిపించినా నేను చేసేది మారదు, ఆయన డబ్బు మాత్రం పోతుంది. కుడి చీలమండ ఇంకా కాస్త బిగుతుగానే ఉంది. పరుగు లేని రోజుల్లో మడమల వ్యాయామం కొనసాగించమన్నాను. హాఫ్ మారథాన్ ట్రైనింగ్ మొదలుపెట్టి వారానికి 40 కిలోమీటర్లు దాటే ముందు ఒకసారి వచ్చి వీడియో తీయించుకోవాలని చెప్పి పంపాను.